కాటన్‌దొర సన్నాలుకు ఉప్పు ఓర్పు: పూసా డీఎస్‌టీ రైస్ 1పై కేస్ స్టడీ

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ న్యూఢిల్లీలో రెండు వరి రకాలను ప్రకటించారు. రెండూ జన్యు సవరణతో రూపొందినవే, రెండింటి మూలాలూ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధనా సంస్థ తయారుచేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, అనగా కమల, బాపట్లలో పుట్టిన సాంబ మసూరి నుంచి వచ్చింది. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ తయారుచేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1 పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా స్థానం అందించిన ఎంటీయూ 1010 నుంచి, అంటే రైతులు కాటన్‌దొర సన్నాలుగా పిలుచుకునే రకం నుంచి వచ్చింది.

చౌడును తట్టుకునే వరి వంగడాల ఎంపికలో పనిచేస్తున్న నాకు ఈ రెండో రకం ప్రత్యేకంగా అధ్యయనం చేయదగినదిగా కనిపించింది. ఉప్పు ఓర్పు కోసం మొక్కల జన్యువులను మార్చే ప్రయత్నాలు పాతిక ముప్పై ఏళ్లుగా జరుగుతున్నా, వాటిలో ప్రయోగశాల దాటి రైతు చేలో నాటే దశకు చేరినవి చాలా తక్కువ. 2001లో ఎడ్వర్డో బ్లూమ్‌వాల్డ్ బృందం అరబిడాప్సిస్ మొక్కలోని ఎన్‌హెచ్‌ఎక్స్ 1 జన్యువును టమాటాలో చొప్పించి, 200 మిల్లీమోలార్ ఉప్పు ద్రావణంలోనూ కాయలు కాయించింది. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ మడ చెట్ల జన్యువులను వరిలోకి తెచ్చింది. ఇవన్నీ గొప్ప పనులే అయినా మార్కెట్లో విత్తనంగా మారలేదు. కరువు విషయంలో అర్జెంటీనా ముందడుగు వేసి, పొద్దుతిరుగుడు జన్యువుతో రూపొందిన హెచ్‌బీ 4 గోధుమకు 2020లో అనుమతి ఇచ్చింది. మన దేశంలో ఉప్పు ఓర్పు లక్ష్యంగా జన్యువును మార్చిన వరి ఒకటి జాతీయ స్థాయి పరీక్షలు దాటి విడుదల ప్రకటన దాకా రావడం మాత్రం ఇదే మొదలు. ఆ రకంలో జరిగిన మార్పు ఏమిటో, అది ఏ మేరకు ఉపయోగపడుతుందో, ఎక్కడ సరిపోదో ఈ వ్యాసంలో పరిశీలిస్తాను.

సమస్య స్వరూపం

చౌడు అనే ఒక్క పేరు కింద మన రైతులు రెండు వేర్వేరు నేలలను గుర్తిస్తారు. ఎండాకాలంలో నేల పైన తెల్లగా ఉప్పు పేరుకునేది పాల చౌడు. అక్కడ నీటిలో కరిగే లవణాలు ఎక్కువ, ఉప్పు ఎంతుందో చెప్పే కొలత అయిన విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటుతుంది, ఉదజని సూచిక (పీహెచ్) మాత్రం 8.5 లోపే ఉంటుంది. తడిస్తే జిగటగా, ఆరితే రాయిలా మారి నీటిని ఇంకనివ్వనిది కారు చౌడు. అక్కడ మట్టి రేణువులను సోడియం పట్టుకుని ఉంటుంది, ఉదజని సూచిక 8.5 దాటుతుంది. మొదటిదాన్ని మంచి నీరు పెట్టి మురుగు తీసి కడగాలి. రెండోదానికి జిప్సం వేయకుండా ఎంత నీరు పెట్టినా ప్రయోజనం ఉండదు. కృష్ణా, గోదావరి డెల్టాల చివరి ఆయకట్టులో, సముద్రపు పోటు నీరు మురుగు కాలువల్లోకి ఎగదన్నే ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కనున్న చేలలో కనిపించేది ప్రధానంగా మొదటి రకం.

వరి ఉప్పుకు త్వరగా లొంగే పంట. మట్టి ద్రావణపు వాహకత 3 డెసీసీమెన్స్ దాటిన తర్వాత పెరిగే ఒక్కొక్క డెసీసీమెన్స్‌కూ దిగుబడి సుమారు 12 శాతం చొప్పున పడిపోతుందని శాస్త్రవేత్తలు మాస్, హాఫ్‌మన్ 1977లోనే లెక్కగట్టారు. ఆ నష్టం రెండు అంచెలుగా జరుగుతుంది. ఉప్పు తగిలిన కొద్ది గంటల్లోనే వేరు నీటిని లాగలేక మొక్క ఎదుగుదల మందగిస్తుంది. చుట్టూ నీరు నిలిచి ఉన్నా మొక్క కరువులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. ఆ తర్వాత కొన్ని రోజులకు, నీటితోపాటు పైకెక్కిన సోడియం ఆకుల్లో పేరుకుని కణాలను చంపడం మొదలుపెడుతుంది. మొదటి అంచెను తట్టుకునే గుణమూ రెండో అంచెను తట్టుకునే గుణమూ ఒకటి కావు, వాటి వెనుక ఉన్న జన్యువులూ వేరు. ఈ తేడా మరిచిపోతే ఇక్కడ చర్చిస్తున్న రకాన్ని సరిగా అంచనా వేయలేము.

ఆ రెండు అంచెలూ నారు దశలో కంటికి ఎలా కనిపిస్తాయో చెప్పాలి. మట్టి లేకుండా వరి మొలకలను పెంచడానికి వాడే యోషిడా పోషక ద్రావణం మీద తేలే థర్మోకోల్ పలకల రంధ్రాల్లో మొలకలను నిలబెట్టి, ద్రావణపు వాహకతను మొదట 6 డెసీసీమెన్స్‌కూ, మూడు రోజులు గడిచాక 12కూ పెంచుతాము. ఐఆర్ 29 వంటి లొంగే రకాన్ని, ఎఫ్ఎల్ 478 వంటి ఓర్చుకునే రకాన్ని ప్రతి తొట్టిలోనూ పోలిక కోసం ఉంచుతాము. మొదట్లో అన్ని మొక్కలూ ఒకేలా మందగిస్తాయి. తర్వాత లొంగే రకాల్లో ముదురు ఆకుల కొనలు తెల్లబడి, అంచులు లోపలికి చుట్టుకుని, ఎండు కొన నుంచి ఆకు మొదలు వైపు పాకుతుంది. లేత ఆకు మాత్రం చివరిదాకా పచ్చగా నిలుస్తుంది. మొక్క తన పాత ఆకులను ఉప్పుకు వదిలేసి కొత్త ఆకును కాపాడుకుంటుందన్నమాట. ఈ లక్షణాలను చూసి 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తాము. 1 అంటే దాదాపు ఆరోగ్యంగా ఉన్నట్టు, 9 అంటే చచ్చిపోయినట్టు.

డీఎస్‌టీ జన్యువు చేసే పని

డీఎస్‌టీ అన్న పేరులోనే కరువు, ఉప్పు ఓర్పు అన్న ఆంగ్ల పదాల తొలి అక్షరాలు ఉన్నాయి. షాంఘైలోని హాంగ్‌షువాన్ లిన్ బృందం 2009లో దీన్ని వెలుగులోకి తెచ్చింది. రసాయనంతో ఉత్పరివర్తనలు కలిగించిన వరి మొక్కల్లో కరువును, ఉప్పును బాగా తట్టుకున్న ఒక మొక్కను పట్టుకుని, దాని వెనుక ఉన్న జన్యువును వెతుక్కుంటూ వెళ్లి వారు డీఎస్‌టీని గుర్తించారు. ఇది జింక్ ఫింగర్ తరగతికి చెందిన ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. ఆ ప్రోటీన్ ఇతర జన్యువుల పనిని నడిపించే నియంత్రకం.

దాని పాత్ర ఇలా ఉంటుంది. ఆకు పత్రరంధ్రాల రక్షక కణాల్లో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే ఎంజైముల జన్యువులను డీఎస్‌టీ ప్రేరేపిస్తుంది. పెరాక్సైడ్ తక్కువగా ఉంటే రంధ్రాలు బాగా తెరుచుకుంటాయి. డీఎస్‌టీ పనిచేయకపోతే పెరాక్సైడ్ పేరుకుని రంధ్రాలు ముడుచుకుంటాయి, ఆకు నుంచి ఆవిరయ్యే నీరు తగ్గుతుంది. నీరు తక్కువగా ఆవిరైతే వేరు నుంచి పైకి లాగే ప్రవాహం తగ్గుతుంది, ఆ ప్రవాహంతో వచ్చే సోడియమూ ఆ మేరకు తగ్గుతుంది. అంటే డీఎస్‌టీ మొక్క ఓర్పుకు అడ్డుగా నిలిచే జన్యువు. ఉప్పు ఓర్పు కోసం బయటి జన్యువు ఒకటి తెచ్చి చేర్చాలన్న పాత ఆలోచనకు ఇది పూర్తిగా భిన్నమైన మార్గం చూపింది: చేర్చనక్కర్లేదు, మొక్కలో ఉన్నదాన్నే ఆపితే చాలు.

ఇదే జన్యువు దిగుబడితో ముడిపడి ఉన్నదని 2013లో వచ్చిన మరో పరిశోధన తేల్చింది. కంకి ఏర్పడే చోట సైటోకైనిన్ హార్మోన్‌ను విరగ్గొట్టే ఎంజైము జన్యువును డీఎస్‌టీ ప్రేరేపిస్తుంది. డీఎస్‌టీ బలహీనపడితే ఆ ఎంజైము తగ్గి, సైటోకైనిన్ పెరిగి, కంకిలో గింజల సంఖ్య పెరుగుతుంది. ఆ ఎంజైము జన్యువే జీఎన్ 1ఏ. హైదరాబాద్ సంస్థ సాంబ మసూరిలో సవరించింది సరిగ్గా దాన్నే. కాబట్టి 2025లో ప్రకటించిన రెండు రకాల్లోనూ తాకింది ఒకే నియంత్రణ గొలుసులోని రెండు కొలికులను. ఒకదాన్ని గింజల కోసం తాకారు, ఇంకొకదాన్ని ఓర్పు కోసం తాకారు. సాధారణంగా ఓర్పు కోసం పెంచిన గుణం మంచి నేలలో దిగుబడిని కోసేస్తుందన్నది ప్రజననకారులందరి అనుభవం. డీఎస్‌టీ విషయంలో ఆ భయం కొంత తక్కువగా ఉండటానికి కారణం ఈ రెండో పాత్రే.

సవరణ జరిగిన తీరు

ఎంటీయూ 1010ను ఎంచుకోవడం నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అత్యంత తెలివైన నిర్ణయం. కృష్ణవేణి, ఐఆర్ 64 రకాల సంకరం నుంచి పుట్టి 2000లో విడుదలైన ఈ రకం సుమారు 120 రోజుల్లో కోతకు వస్తుంది, గింజ సన్నగా పొడవుగా ఉంటుంది, దోమపోటును కొంత తట్టుకుంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిశా రైతులకూ ఇది సుపరిచితం. ప్రయోగశాలకు అనుకూలమని తూర్పు ఆసియాలో పండే జపానికా తరగతి రకాన్ని తీసుకుని ఉంటే, ఆ తర్వాత గుణాన్ని మన రకాల్లోకి మార్చడానికే మరో ఆరేడేళ్లు పట్టేది. మన దేశంలో పండే ఇండికా తరగతి రకాల్లో కణజాల వర్ధనం (కణాల నుంచి మొక్కను పెంచడం) కష్టసాధ్యం. గింజ పిండం నుంచి తీసిన కణపుంజం త్వరగా గోధుమ రంగుకు తిరిగి చచ్చిపోతుంది, బతికినదాని నుంచి పచ్చటి మొలక రావడం అరుదు. ఆ కష్టాన్ని ముందే భరించడం వల్ల విడుదల దశలో ఎంతో సమయం కలిసివచ్చింది.

విశ్వనాథన్ చిన్నుసామి నేతృత్వంలోని బృందం 2020లో ప్రచురించిన పత్రం ప్రకారం, డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ క్యాస్ 9 పద్ధతిలో, కత్తెరకు చోటు చూపే రెండు మార్గదర్శక ఆర్‌ఎన్‌ఏలతో డీఎస్‌టీ జన్యువును రెండు చోట్ల కత్తిరించారు. రెండు కోతల నడుమ భాగం ఊడిపోయి, మొక్క తన సొంత మరమ్మతు యంత్రాంగంతో మిగిలిన కొనలను అతికించుకుంది. అలా వచ్చిన మొక్కల్లో ఒకదానిలో 366 బేస్ జతలు (డీఎన్‌ఏ అక్షరాల జతలు) పోయాయి. దీనివల్ల ప్రోటీన్‌లో 184 నుంచి 305 వరకు, మొత్తం 122 అమైనో ఆమ్లాలు లేకుండా పోయాయి. ఆ మొక్కల ఆకులు వెడల్పుగా పెరిగాయి, పత్రరంధ్రాల సాంద్రత తగ్గింది, ఎండబెట్టినప్పుడు ఆకులు నీటిని ఎక్కువసేపు నిలుపుకున్నాయి. రంధ్రాలు ఏర్పడటానికి కావలసిన ఎస్‌పీసీహెచ్ 1, మ్యూట్, ఐస్ 1 జన్యువుల పని తగ్గడం ఇందుకు కొంతవరకు కారణమని వారు చూపారు. రంధ్రాలు ముడుచుకోవడం ఒక్కటే కాక, అసలు రంధ్రాల సంఖ్యే తగ్గడం ఈ రకంలో గమనించదగిన విషయం.

ఈ మార్పును చిన్నపాటి ప్రయోగశాలలోనూ సరిచూడవచ్చు. ఆకు అడుగు భాగంలో రంగులేని గోళ్ల పాలిష్‌ను పలుచగా పూసి, ఆరాక పారదర్శక టేపుతో ఒలిచి, గాజు పలక మీద అతికించి సూక్ష్మదర్శినిలో చూస్తే రంధ్రాల అచ్చు వరుసలుగా కనిపిస్తుంది. తల్లి రకాన్నీ సవరించిన రకాన్నీ పక్కపక్కన పెట్టి, ఒకే వయసున్న ఆకుల్లో, ఒకే ఎత్తులో లెక్కించాలి. ఆకు కొన దగ్గరా మొదలు దగ్గరా సాంద్రత వేరుగా ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త తప్పనిసరి. కోసిన ఆకులను బల్ల మీద పరిచి గంటకోసారి తూచడం రెండో పరీక్ష. ఈ రెండూ ఖర్చులేని పరీక్షలు, విత్తనం అసలుదేనా అన్న సందేహం వచ్చినప్పుడు పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్షకు ముందు ఇవే దారి చూపుతాయి.

కత్తెరగా వాడిన క్యాస్ 9 జన్యువు చివరి మొక్కలో మిగలకూడదు. అది మొక్కలో ఒకే చోట చేరి ఉంటే, ఆ మొక్క సొంత పరాగ సంపర్కంతో ఇచ్చే గింజల్లో నాలుగో వంతుకు అది సంక్రమించదు. అలాంటి వాటిలోంచి డీఎస్‌టీ లోపం రెండు క్రోమోజోముల్లోనూ ఉన్న మొక్కను ఏరుకుంటారు. అంతిమంగా మిగిలేది ఎంటీయూ 1010 మాత్రమే, దాని జన్యువుల్లో ఒకదానిలో కొంత భాగం లేదంతే. ఈ కారణంగానే పర్యావరణ మంత్రిత్వ శాఖ 2022 మార్చి 30న, బయటి డీఎన్‌ఏ లేని ఎస్‌డీఎన్ 1, ఎస్‌డీఎన్ 2 తరగతుల సవరణలను జన్యుమార్పిడి జీవుల నియంత్రణకు ఉన్న 1989 నిబంధనల్లోని 7 నుంచి 11 వరకు ఉన్న షరతుల నుంచి మినహాయించింది. ఈ మినహాయింపు కింద రెండు రకాలకూ 2023 మే 31న జీవభద్రత ఆమోదం లభించింది. అఖిల భారత సమన్వయ వరి పరిశోధన ప్రాజెక్టు కింద 2023, 2024లలో వాటిని వేర్వేరు రాష్ట్రాల్లో పరీక్షించారు.

పొలంలో వచ్చిన అంకెలు

ప్రభుత్వం విడుదల చేసిన గణాంకాల ప్రకారం, తీరానికి దూరంగా ఉన్న పాల చౌడు నేలల్లో పూసా డీఎస్‌టీ రైస్ 1 హెక్టారుకు 3,508 కిలోలు ఇవ్వగా ఎంటీయూ 1010 ఇచ్చింది 3,199. తేడా 9.66 శాతం. కారు చౌడులో 3,731కి ఎదురుగా 3,254, అంటే 14.66 శాతం. తీరప్రాంతపు ఉప్పు నేలల్లో 2,493కి ఎదురుగా 1,912, అంటే 30.4 శాతం.

పత్రికల శీర్షికల్లోకి ఎక్కింది 30 శాతమే. దాన్ని రైతు లెక్కలోకి మార్చి చూడాలి. హెక్టారుకు 581 కిలోల తేడా అంటే ఎకరాకు 235 కిలోలు, 75 కిలోల బస్తాల్లో చెప్పాలంటే మూడు బస్తాలకు కొంచెం ఎక్కువ. ఎంటీయూ 1010 వేసి పది బస్తాలు చూసే చేలో ఈ రకం పదమూడు బస్తాలు చూపిస్తుందన్నమాట. కౌలు రైతుకు ఆ మూడు బస్తాలు చిన్నవి కావు, ఎరువుల ఖర్చులో పెద్ద భాగాన్ని అవే తీరుస్తాయి. అయినా పదమూడు బస్తాల పంట చౌడు చేను మంచి చేనుగా మారిందని చెప్పదు. ఉప్పు లేని నేలలో, సకాలంలో నీరందితే ఇదే ఎంటీయూ 1010 హెక్టారుకు ఆరు టన్నులు దాటి ఇవ్వగలదు. తీరంలో ఉప్పు తినేసే దిగుబడిలో ఈ సవరణ వెనక్కి తెచ్చేది ఏడో వంతుకు మించదు. శాతం చూసి ఆశలు పెంచే ముందు ఈ సంగతి రైతుకు చెప్పడం మా వంటి వాళ్ల బాధ్యత.

మూడు అంకెల్లో నాకు అంతుచిక్కనిది కారు చౌడు ఫలితం. తీరంలో లాభం రావడాన్ని పత్రరంధ్రాలతో వివరించవచ్చు. ఉప్పు నీటి ఒత్తిడి, ఆవిరి తగ్గుదల, సోడియం తగ్గుదల, ఇవన్నీ ఒక వరుసలో ఉన్నాయి. కారు చౌడులో మాత్రం వరిని కుంగదీసేవి ప్రధానంగా జింకు లోపమూ, వేళ్లకు గాలాడకుండా చేసే మట్టి నిర్మాణమూ. ఆకు రంధ్రాలు తగ్గితే ఆ రెండూ ఎలా తీరతాయి? డీఎస్‌టీ వేరులో ఇంకేదైనా పని చేస్తుండవచ్చు. వేరు నమూనాల్లో ఆ జన్యువు ఆధీనంలో ఉన్నవి ఏవో విడిగా చూడాల్సిన అవసరం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తున్నది.

ఈ అంకెల మీద వివాదమూ వచ్చింది. జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించే స్వచ్ఛంద సంస్థల కూటమి, సమన్వయ ప్రాజెక్టు సొంత నివేదికలే ఈ ఆధిక్యాన్ని సమర్థించడం లేదని 2025లో ఆరోపించింది. భారత వ్యవసాయ పరిశోధనా మండలి ఆ ఆరోపణను తోసిపుచ్చింది. ఉప్పు నేలల్లో పరీక్షలు చేసేవారికి ఇలాంటి వివాదం ఎందుకు తలెత్తుతుందో తెలుసు. ఒకే మడిలో పది అడుగుల దూరంలో వాహకత రెట్టింపు కావచ్చు. ఒక వాన పడితే వారం పాటు ఉప్పు కిందికి దిగిపోవచ్చు. ప్రతి మడిలోనూ నాట్లు వేసినప్పుడు, పిలక దశలో, పొట్ట దశలో, పూత దశలో మట్టి వాహకత ఎంతో నమోదు చేసి, ఆ అంకెలతో కలిపి దిగుబడిని ప్రచురిస్తే తప్ప, రెండు మూడు కేంద్రాల సగటులతో ఎవరూ ఎవరినీ ఒప్పించలేరు. మడి వారీ సమాచారాన్ని బహిరంగంగా పెట్టాలని నేను గట్టిగా కోరుతున్నాను. ప్రజల సొమ్ముతో రూపొందిన రకానికి అది మేలే చేస్తుంది.

ఈ గుణం ఎక్కడ సరిపోదు

2020 పత్రం నారు దశలో ఎక్కువ మోతాదు ఉప్పును తట్టుకోవడాన్ని చూపింది. వరి ఉప్పుకు రెండు దశల్లో బాగా లొంగుతుంది: నాటిన తొలి వారాల్లో ఒకసారి, చిరుపొట్ట నుంచి పూత దాకా మరోసారి. రెండోసారి దెబ్బ తగిలితే మొక్క పచ్చగానే నిలబడి కంకి నిండా తాలు గింజలు ఇస్తుంది. సార్వాలో (ఖరీఫ్‌లో) వానలు ఉప్పును పలచబరుస్తాయి కాబట్టి నారు దశ దాటితే గండం గడిచినట్టే. దాళ్వాలో (రబీలో) దీనికి తలకిందులుగా, కాలువలు కట్టేసే రోజులు దగ్గరపడే కొద్దీ, పూత సమయానికే కింది ఉప్పు పైకి ఎగబాకుతుంది. తీరప్రాంతంలో కాటన్‌దొర సన్నాలు ఎక్కువగా వేసేది దాళ్వాలోనే. ఆ కాలంలో పూత దశ ఫలితాలు చూడకుండా తీరప్రాంత రైతుకు సిఫారసు చేయడానికి నేను సిద్ధంగా లేను.

వేడి మరో ప్రశ్న. ఆవిరి అవడం ద్వారానే ఆకూ కంకీ చల్లబడతాయి. పూత సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే వరిలో పుప్పొడి దెబ్బతిని గింజ పట్టదు. రంధ్రాలు తక్కువైన మొక్క నీటిని పొదుపు చేస్తుంది గానీ ఎండలో కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. ఆలస్యంగా నాటిన దాళ్వా పైరు ఏప్రిల్ తొలి వారంలో పూతకు వస్తే ఈ రెండు ప్రభావాల్లో ఏది నెగ్గుతుందో పొలంలోనే తేలాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది సోడియం సంగతి. కేరళ పొక్కలి వరి ఉప్పును తట్టుకునేది ప్రధానంగా సోడియాన్ని ఆకుల దాకా రానివ్వకపోవడం వల్ల. ఒకటో క్రోమోజోములో ఉన్న సాల్టాల్ ప్రాంతం, అందులోని హెచ్‌కేటీ 1;5 జన్యువు, నీటి నాళాల్లోకి చేరిన సోడియాన్ని వెనక్కి లాగి ఆకును కాపాడతాయి. డీఎస్‌టీ సవరణ ఆ పని చేయదు. అది ప్రవాహాన్ని నెమ్మదింపజేస్తుంది, వచ్చే ఉప్పును ఆలస్యం చేస్తుంది. నాలుగు నుంచి ఆరు డెసీసీమెన్స్ ఉండే చేలో ఆ ఆలస్యమే పంటను ఒడ్డెక్కించవచ్చు. పది దాటిన చేలో మాత్రం ఉప్పు చివరికి ఆకును చేరే తీరుతుంది. కాబట్టి పూసా డీఎస్‌టీ రైస్ 1ను తుది రకంగా చూడటం కంటే, సాల్టాల్ ఉన్న రకంతో సంకరం చేయడానికి మంచి తల్లిగా చూడటం నాకు సబబుగా తోస్తుంది. రెండు గుణాలనూ గుర్తించే డీఎన్‌ఏ మార్కర్లు ఇప్పటికే ఉన్నాయి. 366 బేస్ జతల లోపాన్ని సాధారణ పీసీఆర్‌లో జెల్ మీద పట్టీ పొడవు చూసే గుర్తించవచ్చు కాబట్టి, మచిలీపట్నం, బాపట్ల వంటి కేంద్రాల్లో ఈ పని మొదలుపెట్టడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు.

సాగులో పాటించాల్సినవి

విత్తనం అందుబాటులోకి వచ్చాక కూడా చౌడు సాగు మెలకువలు మారవు. నాట్లకు ముందు ఒకటి రెండుసార్లు నీరు పెట్టి మురుగు తీయాలి. లేత నారు కాకుండా 30 రోజులు దాటిన నారు వాడాలి, కుదురుకు మూడు నాలుగు మొక్కలు పెట్టి దగ్గరగా నాటాలి, జింకు సల్ఫేటు మరిచిపోకూడదు. చేనును ఆరబెట్టకూడదు. నీటిని ఆదా చేసే గుణం ఉన్న రకం కదా అని తడులు తగ్గించే ప్రలోభం కలగవచ్చు, పాల చౌడులో అది పెద్ద ప్రమాదం. నీరు ఇంకిపోయిన రోజునే కింది ఉప్పు వేరు మట్టానికి వస్తుంది, ఆ ఉప్పును రంధ్రాలు తగ్గిన ఆకు ఆపలేదు.

ఇక మిగిలింది విత్తనం, హక్కుల సంగతి. బ్రీడర్ విత్తనం, ఫౌండేషన్ విత్తనం, ధ్రువీకృత విత్తనం దశలు దాటితే గానీ రైతుకు సంచి చేరదు. క్రిస్పర్ క్యాస్ 9 సాంకేతికత మీద విదేశీ సంస్థల పేటెంట్లు ఉన్నాయి. వాణిజ్యపరంగా విత్తనం అమ్మడానికి లైసెన్సు షరతులు ఏమిటో, రైతు తన పంట నుంచి విత్తనం దాచుకుని పక్క రైతుతో మార్చుకునే హక్కుకు వాటివల్ల ఏ ఆటంకమూ లేదని వ్యవసాయ పరిశోధనా మండలి రాతపూర్వకంగా స్పష్టం చేయాలి. తొలి సంచి ఊరికి చేరకముందే ఆ కాగితం రావాలి. ఎందుకంటే కాటన్‌దొర సన్నాలు ఇన్నేళ్లుగా విస్తరించడంలో విత్తన దుకాణాలతో పాటు ఒక రైతు ఇంటి గాదె నుంచి మరో రైతు నారుమడికి సాగిన మార్పిడికీ పెద్ద పాత్రే ఉంది.